ముందు కొలత, తర్వాత సిమ్యులేషన్

గాలిమరల రెక్కలు చేసే సుజ్లాన్ యూనిట్ మన అనంతపురం జిల్లాలోనే ఉంది. ఫైబర్ పని నేర్చుకున్న పామిడి, గుత్తి కుర్రాళ్లు అందరూ అంత పెద్ద చోట చేరలేరు. చాలామందికి దొరికేది పది మంది పనిచేసే ఎఫ్ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) షెడ్డు. అక్కడ ఇంజినీరంటే మీరొక్కరే. ఓనరు ఒకరోజు, "హ్యాండ్ లేఅప్ మానేసి వ్యాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్‌కి మారుదాం, కంప్యూటర్‌లో చూసి వారంలో చెప్పు" అంటాడు. ఆ వారం ఎలా వాడుకోవాలో చెబుతాను.

పని తెలిసిందే. పొడి గ్లాస్ క్లాత్‌ను మోల్డ్‌లో పరుస్తాం, పైన ఫిల్మ్ కప్పి అంచులు సీల్ చేస్తాం, పంపుతో గాలి లాగేస్తాం. బయటి వాతావరణ పీడనం రెజిన్‌ను లోపలికి తోస్తుంది. అది గెల్ అయ్యేలోపు చివరి మూల దాకా తడవాలి. తడవని చోటు మిగిలితే పీస్ స్క్రాప్.

ఈ తడవడాన్ని ముందే లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నది పాత లెక్కే. 1856లో ఫ్రాన్స్‌లోని డిజోన్ నగర నీటి సరఫరా ఇంజినీరు హెన్రీ డార్సీ, ఇసుక గుండా నీళ్లు ఎంత వేగంగా పారతాయో చెప్పే సూత్రాన్ని ప్రచురించాడు. పెన్నలో చెలమ తవ్వితే ఇసుకలోంచి నీళ్లు ఊరేదీ, క్లాత్‌లోంచి రెజిన్ పాకేదీ ఆ సూత్రంతోనే. ఖరీదైన పామ్-ఆర్‌టీఎం అయినా, ఉచితంగా దొరికే ఆర్‌టీఎంసిమ్ అయినా మొదలయ్యేది అక్కడే. అందుకని ముందు లైసెన్స్ కొనిపించకండి.

ఒక లెక్క చూద్దాం. రెజిన్ చిక్కదనం 300 సెంటీపాయిజ్, క్లాత్‌లో ఖాళీ సగం, పర్మియబిలిటీ (క్లాత్ రెజిన్‌ను ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే అంకె) 10⁻¹⁰ చదరపు మీటర్లు, వ్యాక్యూమ్ 90 కిలోపాస్కల్స్ అనుకుందాం. రెజిన్ వేగంగా పారడానికి పరిచే ఫ్లో మెష్ లేదు. ఒక అంచు నుంచి వదిలితే అర మీటరు తడవడానికి దాదాపు 35 నిమిషాలు. మీటరుకు 70 కాదు, దాదాపు 2 గంటల 20 నిమిషాలు. దూరం రెట్టింపైతే టైము నాలుగు రెట్లు. మీ రెజిన్ 90 నిమిషాల్లో గెల్ అయ్యేదైతే మీటరు ప్యానెల్ చివరికి చేరకముందే అది ఆగిపోతుంది. రెజిన్ వదిలే ఇన్‌లెట్‌ను మధ్య గీత మీద పెట్టి, గాలి లాగే వెంట్లు రెండు అంచులకూ పెడితే మళ్లీ 35 నిమిషాలే. సిమ్యులేషన్ ఇచ్చే అసలు లాభం ఇదే: పైపు ఎక్కడ పెట్టాలో మోల్డ్ ముట్టకముందే తెలుస్తుంది.

ఇక తప్పులు జరిగే చోట్లు.

మొదటిది, అరువు తెచ్చిన పర్మియబిలిటీ. ఇంటర్నెట్‌లో దొరికిన అంకె మీ క్లాత్‌ది కాదు. మీ పీసులో ఉన్నన్ని లేయర్లతోనే 30 సెంటీమీటర్ల పట్టీ పరిచి, ఫిల్మ్ మీద 5 సెంటీమీటర్లకో గీత గీసి, రెజిన్ వదిలి ఫోన్‌లో వీడియో తీయండి. దూరం వర్గానికీ టైముకూ గ్రాఫ్ గీస్తే సరళరేఖ రావాలి. వంగితే లీకుందేమో, రెజిన్ అప్పుడే చిక్కబడుతోందేమో చూడండి.

రెండోది, అంచు ఖాళీ. నేను పనిచేసిన ఒక షెడ్డులో క్లాత్ కటింగ్ 4 మిల్లీమీటర్లు తగ్గింది. రెజిన్ ఆ సందులోంచి పరుగెత్తి వెంట్ చేరింది, నడిమధ్య పొడిగా మిగిలింది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో మాత్రం క్లాత్ అంచుకు సరిగ్గా ఆనే ఉంది. అందుకని మూడు సార్లు రన్ చేయండి: అంచులు బిగువుగా, ఒక అంచు వదులుగా, రెండూ వదులుగా. పామిడి కుట్టుపని ఊరు. లేయర్లు పేర్చి కోసేటప్పుడు ఒక్క గీత తప్పితే కట్టంతా పోతుందని ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మూడోది, లీక్. సిమ్యులేషన్‌కు మీ సీలెంట్ టేపు సంగతి తెలియదు. పంపు వాల్వ్ మూసి 15 నిమిషాలు గేజ్ చూడండి. ముల్లు కదిలితే రెజిన్ కలపొద్దు.

నాలుగోది, మన ఎండ. వేడికి రెజిన్ పలచబడి వేగంగా పారుతుంది, నిజమే. కానీ 10 డిగ్రీలు పెరిగితే గెల్ టైము సుమారు సగానికి పడిపోతుందని లెక్క వేసుకోండి. మేలో పనిని తెల్లవారుజామున పెట్టుకోండి. హార్డెనర్ కలిపిన రెజిన్ పెద్ద బకెట్లో ఉంచితే వేడెక్కి పొగలొస్తాయి, కొద్దికొద్దిగా కలపండి.

ఓనరుతో మాట్లాడేటప్పుడు రంగుల బొమ్మలు చూపించకండి. ఒక స్క్రాప్ పీసుకు ఎంత పోతుంది, రెండు చిన్న ట్రయల్స్‌కు ఎంత ఖర్చవుతుంది, ఈ రెండు అంకెలు కాగితం మీద పెట్టండి. "ఇక తప్పే రాదు" అని మాట ఇవ్వకండి. మొదటి తప్పుకే మీ మాటకు విలువ పోతుంది.

ప్రతి ట్రయల్ తేదీ, ఉష్ణోగ్రత, లేయర్లు, సిమ్యులేషన్ చెప్పిన టైము, నిజంగా పట్టిన టైము ఒక నోట్‌బుక్‌లో రాయండి. కేంద్రం ఎంఎస్ఎంఈ ఇన్నోవేటివ్ స్కీమ్‌లో ఇన్‌క్యుబేషన్ కింద, ఎంపికైన ఐడియాకు 15 లక్షల దాకా సాయం ఉంది. అలాంటి చోట అప్లికేషన్ పెట్టినా, రేపు పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చున్నా, మీ తరఫున మాట్లాడేది ఆ రెండు టైముల మధ్య తేడాను మీరు నెలనెలా ఎలా తగ్గించారన్న రికార్డే.