బెల్ హౌసింగ్ లేని గేర్‌బాక్స్ కొనకండి

అంబాసిడర్‌కి స్టీరింగ్ పక్క గేరు తీసేసి కింద గేరు పెట్టమని అడిగేవాళ్లు ఇప్పటికీ షెడ్డుకి వస్తూనే ఉన్నారు. తాతగారి బండి, అమ్మబుద్ధి కాదు. అలాగని ఆ నాలుగు గేర్లతో హైవే ఎక్కితే ఇంజను గోల భరించలేరు. వాళ్ల కన్నంతా 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన 1800 ఐఎస్‌జెడ్ మీద. ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు, కింద రాడ్డు. కాంటెసా 1800లోనూ అదే ఇంజను. ఆ కంపెనీ ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. ఇక పాత సామానే గతి.

ఈ పని ఒప్పుకునే కుర్ర మెకానిక్కులకి నేను చెప్పేది ఒకటే. గేర్‌బాక్స్ ఎలాగోలా దొరుకుతుంది, దాని చుట్టాలు దొరకవు.

పదేళ్ల కిందట నేను చౌకగా వచ్చిందని గేర్‌బాక్స్ ఒక్కటే తెచ్చాను. బెల్ హౌసింగ్ ఎక్కడైనా దొరుకుతుందిలే అన్నాడు అమ్మినతను. నేనూ తలూపాను. అంతకుముందే బండిలోంచి పాతది దింపేసి కూర్చున్నాను. రెండున్నర నెలలు ఆ బండి చెక్కదిమ్మల మీదే ఉంది. వెనక సీట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది. ఓనరుగారు ఆదివారాలు వచ్చి పిల్లికూనల్ని చూసుకుని వెళ్లేవారు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. చివరికి హౌసింగుకి పెట్టిన డబ్బు గేర్‌బాక్స్ ధర దాటింది.

అందుకే ఒకే బండి నుంచి దింపిన సెట్టు అడగండి. బెల్ హౌసింగ్, దాని బోల్టులు, ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, ఫోర్కు, రిలీజ్ బేరింగు, స్లేవ్ సిలిండరు. వెనక మౌంటింగు, దాన్ని మోసే క్రాస్ మెంబరు. గేర్ రాడ్డు. ప్రొపెల్లర్ షాఫ్టు పూర్తిగా రాకపోయినా గేర్‌బాక్స్‌లోకి దూరే యోకు రావాలి, ఎందుకంటే ఆ పళ్లు ఇంకోదానికి కుదరవు. షాఫ్టు పొడవు తేడా వస్తే కోయించి, వెల్డింగ్ చేయించి, బ్యాలెన్సింగ్ చేయించుకోవచ్చు. క్లచ్ ప్లేటు అరిగిపోయినా పారేయకండి. మధ్య హబ్బు బాగుంటే రీలైనింగ్ షాపువాళ్లు కొత్త లైనింగ్ వేసిస్తారు.

ఉన్న 1489 సీసీ ఇంజనుకే ఐదు గేర్ల బాక్సు తగిలిద్దాం, అడాప్టర్ ప్లేటు చేయిస్తే సరి అంటారు కొందరు. బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి ప్లేటు తప్పదు. ప్లేటు కోయడం ఏ టర్నరుకైనా వచ్చు, చిక్కంతా సెంటరు దగ్గరే. ఫ్లైవీలుకి డయల్ గేజి బిగించి, దాని ముల్లు హౌసింగు మధ్య రంధ్రం అంచున ఆనించి, క్రాంకు నెమ్మదిగా తిప్పండి. సెంటరు తేడా అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు దాటకూడదు. దాటితే మొదటి వారం ఏమీ తెలీదు. తర్వాత పైలట్ బుష్ పోతుంది, ముందు బేరింగు కూత పెడుతుంది, నడుస్తూ నడుస్తూ గేరు జారిపోతుంది. డయల్ గేజి లేని షెడ్డు ఈ జోలికి పోకపోవడమే నయమని నా అభిప్రాయం.

ఇంజనుతో సహా మారిస్తే ఈ బాధ లేదు గానీ ఆర్‌సీ మీద ఇంజను నంబరు, సీసీ మారతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇక్కడే అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఓనరుని ముందు ఆర్టీఓ ఆఫీసుకి పంపండి. అనుమతి కాగితం చేతికి రాకుండా పైసా ఖర్చు పెట్టొద్దు. రాదని తేలితే పని వదిలేయండి.

వేట విజయవాడ ఆటోనగర్‌తో మొదలుపెట్టండి, దొరక్కపోతే చెన్నై పుదుప్పేట, ఆ తర్వాత కలకత్తా మల్లిక్ బజారు. కలకత్తాలో పదిహేనేళ్లు నిండిన అంబాసిడర్ టాక్సీలు రోడ్డు దిగుతుంటాయి. అయితే వాటిలో డీజిల్ బండ్లే ఎక్కువ. ఏ ఇంజను వెనక ఉన్న గేర్‌బాక్సో అడక్కుండా అడ్వాన్సు పంపొద్దు. ‘అంబాసిడర్ గేర్‌బాక్స్ ఉందా’ అంటే అందరూ ఉందనే అంటారు, తీరా చూస్తే నాలుగు గేర్లది. ముందు షాఫ్టు పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫోటో తీసి పంపమనండి. పళ్లు లెక్కపెట్టుకోవచ్చు, వ్యాసం తెలుస్తుంది.

మనిషే వెళ్తే ఇంకా మంచిది. డ్రెయిన్ బోల్టు విప్పించి ఆయిలు వేలికి రాసుకుని ఎండలో చూడండి. సన్నటి ఇత్తడి మెరుపు సింక్రో రింగుల అరుగుదల, కొంచెమైతే ఫరవాలేదు. గోటికి తగిలే ఉక్కు ముక్క కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. తర్వాత ఒక్కో గేరూ వేసి ముందు షాఫ్టు చేత్తో తిప్పండి. నాలుగులో వెనక షాఫ్టు సమానంగా తిరగాలి, ఐదులో ఒక చుట్టుకి కాస్త ఎక్కువ తిరగాలి. ఎక్కడైనా ఇసుక నలిగినట్టు చేతికి తగిలితే బేరింగు అయిపోయిందన్నమాట.

నంబరు గీకేసిన సామాను ఎంత చౌకైనా ముట్టుకోకండి. దొంగ బండ్ల సామాను అమ్ముతున్నారని మీరట్ సోతీగంజ్ బజారుని పోలీసులు 2021 డిసెంబరులో మూయించారు. బిల్లు మీద సెట్టులోని ప్రతి ముక్కా రాయించండి, వారంలో వాపసు తీసుకుంటామన్న మాట కూడా. ఓనరు దగ్గర సామాను డబ్బు ముందే తీసుకోండి, కూలి వేరుగా మాట్లాడుకోండి. సెట్టంతా మీ బల్ల మీదకి చేరేదాకా ఆయన బండికి స్పానరు పెట్టొద్దు.

లారీలో వేసేముందు ఆయిలు దింపించి, షాఫ్టు మొనకి పాత ట్యూబు చుట్టించి, చెక్క పెట్టెలో పెట్టి మేకులు కొట్టించండి. స్పీడోమీటరు కేబులు తిప్పే పళ్లచక్రం బొటనవేలంత ఉంటుంది. దాన్ని మాత్రం పార్సిల్లో వేయనివ్వకండి, జేబులో వేసుకుని తెచ్చుకోండి.