నూతన పరికరముల అర్థశాస్త్రము

గ్రామమునకు ఏటేట ఏదో యొక కొత్త వస్తువు వచ్చుచునే యున్నది. కొత్తరకపు విత్తనము, నీటిని బొట్లుబొట్లుగా వదలు గొట్టములు, కలుపు తీయు యంత్రము, సెల్‌ఫోనులో వానరాకను తెలుపు ఏర్పాటు - ఇట్టివానిలో కొన్ని రెండు మూడేండ్లలో ఊరంతయు అల్లుకొనును. మరికొన్ని పంచాయతీ కార్యాలయపు వెనుక చూరు క్రింద తుప్పు పట్టును. అట్లు తుప్పు పట్టినదానిని చూచినపుడు “మనవాళ్ళు పాత పద్ధతి విడువరు, కొత్తదన్న భయము” అనుట అధికారులలోను, ఒక్కొక్కప్పుడు పంచాయతీ సభ్యులలోను పరిపాటి. ఈ మాట నిజమా కాదా అని లెక్కలు కట్టి పరిశీలించు విద్య యొకటి కలదు. సాంకేతిక నవకల్పనల అర్థశాస్త్రమని దానికి పేరు. పట్టభద్రులైనవారికి విశ్వవిద్యాలయములలో దీనియందు ప్రత్యేక శిక్షణ నొసగుచున్నారు.

ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయమున 1966లో క్రిస్టఫర్ ఫ్రీమన్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఇందులకై ఒక పరిశోధన విభాగమును నెలకొల్పెను. అంతకు మూడేండ్లు ముందుగా, 1963లో, ఇటలీలోని ఫ్రాస్కాటి పట్టణమున పలుదేశముల నిపుణులు సమావేశమై, ఒక దేశము పరిశోధనపై ఎంత వ్యయము చేయుచున్నదో కొలుచు పద్ధతిని చర్చించిరి. దాని ముసాయిదాను వ్రాసినవాడు ఫ్రీమనే. పలుమార్లు సవరింపబడి ఆ పద్ధతియే నేటికిని వాడుకలో నున్నది. నెదర్లాండ్సులోని మాస్ట్రిక్టు నగరమునందును, మనదేశమున ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునందును ఇట్టి అధ్యయన కేంద్రములు కలవు. ఇంజనీరింగు చదివినవారు, వ్యవసాయశాస్త్రము చదివినవారు, అర్థశాస్త్రము చదివినవారు ఇచట కలిసి చదువుకొందురు. పేటెంటు హక్కులు, ప్రభుత్వ పరిశోధన వ్యయము, పరిశ్రమలు కొత్త విద్యను గ్రహించు తీరు మున్నగునవి పాఠ్యాంశములు. ఆ పట్టికకన్న, ఆ విద్యార్థులకు ఏ ప్రశ్న వేయుట అలవాటగునో తెలిసికొనుట మనకు ఎక్కువ ఉపయోగము.

ఈ విద్యలో తరచు బోధింపబడు ఉదాహరణము అమెరికాలోని సంకరజాతి మొక్కజొన్న కథ. వేరువేరు వంశముల మొక్కలను కలిపి తీసిన ఈ విత్తనము దిగుబడి హెచ్చుగా నిచ్చును. కాని పండిన గింజనే మరల విత్తినచో ఆ బలముండదు. కనుక ఏటేట డబ్బు పెట్టి కొనవలెను. ఇంటి గాదెనుండి విత్తనము తీసికొను రైతునకు ఇది చిన్న మార్పు కాదు. అయోవా రాష్ట్రమున రెండు గ్రామీణ ప్రాంతములకు చెందిన 259 మంది రైతుల సమాచారమును రయన్, గ్రాస్ అను సామాజికశాస్త్రజ్ఞులు పరిశీలించి 1943లో ప్రకటించిరి. 1941 నాటికి వారిలో ఇద్దరు తప్ప అందరును ఆ విత్తనమును చేపట్టియుండిరి. విత్తనము సంగతి మొదట చెప్పినది అమ్మకపుదారులైనను, నమ్మకము కలిగించినది ఇరుగుపొరుగు రైతుల చేలు. ఎక్కువమంది మొదట కొంచెము నేలలో వేసి చూచిన పిమ్మటనే పొలమంతట వేసిరి.

ఇంతవరకు చూచినచో, త్వరగా చేపట్టినవాడు చురుకైనవాడు, ఆలసించినవాడు మందుడు అని తోచవచ్చును. ఈ తలంపును లెక్కలతో ఎదుర్కొన్నవాడు జ్వీ గ్రిలికస్. లిథువేనియాలో పుట్టి, బాల్యమున నాజీల నిర్బంధ శిబిరము ననుభవించి బ్రతికి బయటపడిన యీతడు, అమెరికా చేరి షికాగో విశ్వవిద్యాలయమున డాక్టరేటు పట్టమునకై ఈ విషయమునే తీసికొనెను. ఆ పరిశోధన ఫలితము 1957లో వెలువడినది. అయోవాలో సంకర విత్తనపు విస్తీర్ణము మొక్కజొన్న నేలలో నూటికి 10 వంతులనుండి 90 వంతులకు పెరుగుటకు నాలుగేండ్లే పట్టినది. దక్షిణాన నున్న అలబామాలో అది ఆలస్యముగ మొదలై మెల్లగ సాగినది. అలబామా రైతు సోమరియా? కాదని గ్రిలికస్ తేల్చెను. అయోవా నేలకు తీసిన విత్తనము అలబామాకు సరిపడదు. ఆ ప్రాంతమునకు వేరుగ తీయవలెను. విత్తన కంపెనీలు పెద్ద గిరాకి యున్నచోటికి ముందు పోవును గాని చిన్నచోటికి పోవు. ఎకరమునకు వచ్చు అదనపు లాభము తక్కువైనచోట రైతు త్వరపడడు. అనగా రైతు చేతికి విత్తనము ఎప్పుడు అందినది, అందిన పిదప అతనికేమి మిగిలినది అను రెండు వేరు ప్రశ్నలు వేసినగాని సంగతి తెలియదు. సామాజికశాస్త్రజ్ఞులు దీనిని పూర్తిగ ఒప్పుకొనలేదు. లాభమొక్కటియే కాదు, పొరుగువారి మాటయు ముఖ్యమని వాదించిరి. ఆ వాదమునను సత్యము లేకపోలేదు.

ఇదంతయు దూరదేశపు మాట యనరాదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ, 1975నుండి నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు గ్రామములలోను, మహారాష్ట్రములోని మరి నాలుగు గ్రామములలోను కుటుంబముల లెక్కలు సేకరింప మొదలుపెట్టెను. పరిశోధకులు ఆ ఊళ్ళలోనే కాపురముండి, ఊరికి 40 కుటుంబముల చొప్పున, కూలివారిని కూడ చేర్చి, రాబడి ఖర్చులు వ్రాసికొనిరి. హాన్స్ బిన్స్‌వాంగర్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతముల ప్రజలతో ఒక విచిత్రమైన పరీక్ష జరిపెను. నాణెము ఎగురవేయుదురు. బొమ్మయైనను బొరుసైనను 50 రూపాయలు తప్పక వచ్చు ఏర్పాటొకటి, పడినచో 200 రూపాయలు, లేనిచో ఏమియు రాని ఏర్పాటొకటి, నడుమ మరికొన్ని. ఎవరికి నచ్చినది వారు కోరుకొనవలెను. గెలిచినవారికి నిజముగనే డబ్బిచ్చిరి. ఆనాడు అది కూలివానికి నెల సంపాదనను మించిన మొత్తము. 1980లో ప్రకటింపబడిన ఫలితమేమనగా, మొత్తము పెద్దదైనపుడు ధనికుడును పేదయు ఇంచుమించు ఒకే తీరున జాగ్రత్తపడిరి. పేదవానికి ప్రత్యేకమైన పిరికితనము కనబడలేదు. పెద్దరైతు కొత్తదానిలో డబ్బు పెట్టి చిన్నరైతు పెట్టకపోవుటకు కారణము మనసులో గాక అప్పు పుట్టుటలో వెదకవలెనని బిన్స్‌వాంగర్ సూచించెను.

ఆ సంస్థయే నల్లరేగడి నేలలకై ఎద్దులు లాగు చక్రముల పరికరమొకదానిని పరీక్షించి ప్రచారము చేసెను. దున్నుటకు, విత్తుటకు, కలుపు తీయుటకు, బండిగ తోలుటకును ఒక్కటే పనికివచ్చును. పరిశోధన క్షేత్రమున అది చక్కగ పని చేసినది. అయినను రైతుల యొద్ద నిలువలేదు. ఇట్టి పరికరములను పలుదేశములలో పరిశీలించి పాల్ స్టార్కీ 1988లో వ్రాసిన గ్రంథమునకు “పరిపూర్ణమయ్యు తిరస్కృతము” అను అర్థమిచ్చు పేరు పెట్టెను. వెల హెచ్చు, బరువు హెచ్చు, ఒక పనినుండి మరియొక పనికి మార్చుట శ్రమ. కొన్నవారిలో చాలమంది దానిని బండిగ మాత్రమే వాడుకొనిరి. రైతు తన లెక్క తాను వేసికొనెనని దీనివలన తెలియుచున్నది.

కనుక గ్రామసభలో ఏ పరికరమునకైన లబ్ధిదారుల పేర్లు వ్రాయుటకు ముందు కొన్ని సంగతులు అడిగి తెలిసికొనవచ్చును. రాయితీ లేనియెడల దీనిని ఎవరైన కొందురా? చెడిపోయినచో మండలములో బాగుచేయువాడున్నాడా? రెండెకరముల రైతునకు పెట్టుబడి ఎప్పుడు చేతికి వచ్చును? కొనుటకన్న అద్దెకు తెచ్చుకొనుట మేలా? పంపిణీ యైన మూడవ ఏట ఎవరి యొద్ద ఏ స్థితిలో నున్నదో వ్రాసి యుంచు పుస్తకము పంచాయతీలో నుండినచో, అది పరిశోధకులకు సయితము ఉపకరించును. వ్యవసాయము గాని ఇంజనీరింగు గాని చదివి, ఊరిసంగతి యెరిగిన యువతీయువకులు మీ గ్రామములో నున్నయెడల, ఈ చదువు సంగతి వారికి తెలుపుడు.