డిగ్రీలతో పాటు వాట్లూ చూడు

చిరంజీవి సుధకు,

నీ మెసేజ్ చదివాను. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ప్రాసెసర్ వంద డిగ్రీలకు పోతోందనీ, లిక్విడ్ కూలర్ ఆర్డర్ పెట్టేస్తున్నాననీ రాశావు. కాస్త ఆగు తల్లీ, ఇంకా డబ్బు కట్టకు.

ముందు భయం వదిలెయ్. నీ కోర్ ఐ7-13700కి ఇంటెల్ పెట్టిన హద్దే వంద. అక్కడికి చేరగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే మెషీన్ ఆగిపోతుంది. చిప్ అక్కడికక్కడే కాలిపోదు గానీ, నీ ఎక్స్‌పోర్ట్‌ని సాగదీస్తుంది, ఫ్యాను ఇల్లంతా హోరెత్తిస్తుంది. అలాగని రోజూ వందలోనే నడపమని నేననను.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో డిగ్రీలే ఉన్నాయి. అది సగం సంగతే. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 'సీపీయూ ప్యాకేజ్' ఉష్ణోగ్రతనీ, 'సీపీయూ ప్యాకేజ్ పవర్'నీ ఒకేసారి కనపడేలా పెట్టుకుని సినీబెంచ్ పరీక్ష పది నిమిషాలు నడుపు. వేడి వంద దగ్గర ఆగాక వాట్లు ఎక్కడ నిలబడ్డాయో చూడు. అరవై, డెబ్బై దగ్గరే చతికిలపడితే కూలర్ సరిగా కూర్చోలేదన్నమాట. నూట పది, నూట ఇరవై లాగుతూ వంద డిగ్రీల్లో ఉంటే పాపం కూలర్ తన పని తాను చేస్తోంది, మదర్‌బోర్డే దాని శక్తికి మించి మోయిస్తోంది. మొదట బాగానే ఉండి తర్వాత నెమ్మదిగా ఎక్కుతుంటే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. మూడూ మూడు రోగాలు. లిక్విడ్ కూలర్ కొంటే వీటిలో ఏది తగ్గుతుందో తెలియకుండా వేలకు వేలు పొయ్యడం నాకు నచ్చదు.

మొదటిసారి సొంతంగా బిగించినవాళ్ల దగ్గర నేను ముందు చూసేది కూలర్ కాళ్లే. బాక్స్‌లో వచ్చిన ఇంటెల్ కూలర్‌కి స్క్రూలు ఉండవు, నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. మూడు 'టక్'మని దిగి నాలుగోది పైపైన ఆగినా చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ మూల కూలర్ వెంట్రుకవాసి లేచి ఉంటుంది, అక్కడ రాగికీ చిప్‌కీ మధ్య గాలి చేరుతుంది. పవర్ ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని వేళ్లతో మెల్లగా కదిపి చూడు. ఏమాత్రం ఊగకూడదు. తర్వాత క్యాబినెట్ వెనక రేకు విప్పితే మదర్‌బోర్డు అడుగు కనిపిస్తుంది. నాలుగు కాళ్లూ రంధ్రాల్లోంచి పూర్తిగా బయటికొచ్చి, విచ్చుకుని, ఒకే ఎత్తులో ఉన్నాయా చూడు. ఒకటి లోపలే ఉండిపోతే అదే దొంగ.

తియ్యాల్సి వస్తే పిన్ను తల మీది బాణం వైపు తిప్పి పైకి లాగు. మళ్లీ పెట్టేముందు తలలన్నీ బాణానికి ఎదురు దిశలో వెనక్కి తిప్పి ఉంచాలి, లేకపోతే పట్టు దొరకదు. ఒక మూల, దానికి ఐమూలగా ఉన్న మూల, ఈ రెండూ కలిపి ఒకేసారి నొక్కు. తర్వాత మిగతా రెండు. కూలర్‌ని ఒకసారి లేపాక పాత పేస్ట్ పనికిరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, చిప్ మధ్యలో కందిగింజ కన్నా కొంచెం పెద్దగా కొత్త పేస్ట్ పెట్టు. గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం దాని దగ్గరికి రానివ్వకు.

కాళ్లు బాగుంటే ఇక బోర్డు సంగతి. పెట్టె మీద 65 వాట్లు అని రాస్తారు, అది బేస్ లెక్క. టర్బోలో ఇదే చిప్‌కి 219 వాట్ల దాకా ఇంటెలే అనుమతిస్తుంది. కొన్ని బోర్డులు అంతటితో ఊరుకోవు. ఎంఎస్ఐ బోర్డులైతే ఏ కూలర్ పెట్టావని బయోస్‌లో అడుగుతాయి. 'వాటర్ కూలర్' అని ఎంచుకుంటే హద్దు 4096 వాట్లు! అంటే హద్దే లేదని. నీ బోర్డు ఏదైనా సరే, బయోస్‌లో లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్ వెతికి 90 పెట్టి చూడు. ఇంకా వేడిగా ఉంటే 80. వాట్లు సగానికి తగ్గినంత మాత్రాన వేగం సగానికి పడిపోదు, ఎక్స్‌పోర్ట్ కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఎలాగూ బయోస్ తెరుస్తున్నావు కాబట్టి దాన్ని అప్‌డేట్ కూడా చెయ్యి. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు అవసరానికి మించి వోల్టేజీ తీసుకుని పోనుపోనూ దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ ఇచ్చింది. అది జరగబోయే నష్టాన్ని ఆపుతుంది గానీ జరిగిపోయినదాన్ని బాగుచెయ్యదు. అందుకే వాయిదా వెయ్యొద్దు.

గాలి పరీక్ష తేలిక. క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ సినీబెంచ్ నడుపు. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే నీ క్యాబినెట్‌కి ముందున్న గాజు పలకే గాలిని ఆపుతోంది. ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయో అనుమానముంటే దూరంగా ఒక ఊదొత్తి పట్టుకుని చూడు. ముందువైపు పొగ లోపలికి పోవాలి, వెనకవైపు బయటికి రావాలి. గదికి ఏసీ పెట్టించాలని మీ నాన్న అంటున్నాడట. గది వేడి కన్నా తక్కువకు చిప్‌ని చల్లబరచడం ఏ ఫ్యానుకీ చేతకాదు కాబట్టి, మే నెలలో పై అంతస్తులో వాడి మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేం. కానీ అది చివరి మాట.

ఇవన్నీ అయ్యాక కూడా నీకు రోజూ గంటలకొద్దీ ఎక్స్‌పోర్ట్ ఉంటుందంటే కొత్త కూలర్ కొనుక్కో, కాదనను. నన్నడిగితే 120 మిల్లీమీటర్ల ఫ్యానున్న టవర్ ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలర్‌లో పంపు ఒకటి అదనంగా ఉంటుంది, పాడయ్యే వస్తువు ఇంకోటి పెరుగుతుంది.

ఈ రాత్రికి సినీబెంచ్ నడిపి, డిగ్రీలూ వాట్లూ రెండూ కనపడేలా ఫోటో పంపు. మదర్‌బోర్డు వెనక నాలుగు కాళ్ల ఫోటో కూడా. అవి చూసి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

ఆశీస్సులతో,
పెదనాన్న