రెండు సి-లు, ఒక్క కె

చిరాగ్‌పల్లి

బిడ్డా,

బడి తరఫున స్క్రాబుల్ పోటీకి పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. కానీ రాత్రంతా కూర్చుని నోరు తిరగని మాటల జాబితాలు బట్టీ పడుతున్నావట, అది మానెయ్. పుట్టినప్పటి నుంచి నీకు తెలిసిన మాటనే పట్టుకుని దాని చుట్టాలను వెతుకు. మన ఊరు అనగానే అందరి నోటా వచ్చే మాట ఉంది కదా, చెక్. దానితోనే మొదలుపెట్టు.

కర్ణాటక సరిహద్దు దగ్గర, పుణె పోయే హైవే మీద ఊరు మనది. 2017లో జీఎస్‌టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయినా చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు అనే పిలుపు పోలేదు. అందులోని చెక్ అనే మాట పుట్టింది చదరంగం బల్ల మీద. మన చతురంగం ఇరాన్ చేరి చత్రంగ్ అయింది, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది. రాజుకు ఆపద వస్తే 'షా' అని హెచ్చరించేవాళ్లు. ఫార్సీలో షా అంటే రాజు. ఆ కేక ఐరోపాకు పోయి, పాత ఫ్రెంచిలో 'ఎస్చెక్' అయి, 1300 ప్రాంతానికి ఇంగ్లీషులో చెక్‌గా నిలిచింది. రాజుకు ఎదురైన ఆపదే క్రమంగా అడ్డు అయింది, తర్వాత అదుపు, ఆ తర్వాత సరిచూడడం. లారీని ఆపి కాగితాలు చూసే చోట ఈ అర్థాలన్నీ కలిసే ఉన్నాయి. అక్రమ రవాణాకు చెక్ అని పేపర్లో రాసేదీ ఆ చదరంగం చెక్కే.

నార్మన్ రాజుల కాలంలో ఇంగ్లండు ఖజానా లెక్కలు గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్లలు జరుపుతూ కట్టేవాళ్లు. చదరంగం బల్లను పోలింది కనుక ఖజానాకే ఎక్స్‌చెకర్ అని పేరొచ్చింది. బ్యాంకు చెక్కును బ్రిటిష్‌వాళ్లు క్యూ అక్షరంతో రాయడం ఆ పేరు ప్రభావమే. ఇది తెలిస్తే ఆ స్పెల్లింగు ఇక మర్చిపోవు. క్యూ, యు కలిసి చేతికొచ్చిన రోజు ఆ చెక్కు నీకు 20 పాయింట్లు ఇస్తుంది.

ఇక స్క్రాబుల్ బోర్డు సంగతి. 1930ల మాంద్యంలో పని లేకుండా పోయిన అమెరికా ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్, పత్రికల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టి ఈ ఆట బిళ్లలకు విలువలు కట్టాడు. మొత్తం 100 బిళ్లల్లో సి-లు రెండే, కె ఒక్కటే. చెక్ పేర్చితే ఆ మూడూ నీవే. సి 3, హెచ్ 4, ఇ 1, మళ్లీ సి 3, కె 5, మొత్తం 16. మొదటి ఎత్తు నీదైతే కె-ని నడిమి గడిలోకి తేకు, 38 దగ్గర ఆగిపోతావు. మొదటి సి-నే నడిమి గడిలో పెట్టి కుడివైపు పేర్చు. కె పోయి అక్షరం రెట్టింపయ్యే గడిలో పడుతుంది, మాట మొత్తం రెట్టింపై 42 వస్తాయి.

వాటితోపాటు ఇంకో ఇ, ఒక ఆర్ చేతిలో ఉన్నాయేమో చూసుకో. చెకర్ అవుతుంది, ఏడు బిళ్లలూ దిగి 50 అదనం. అవే ఏడు అక్షరాలతో రీచెక్ కూడా వస్తుంది, ఏది ఎక్కడ సరిపోతే అది వెయ్.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. నువ్వు చెక్ వేశాక ఎదుటివాళ్లు చివర ఎస్ తగిలించి ఆ విలువంతా తమ ఖాతాలో వేసుకోగలరు. ఎస్ నీ దగ్గరే ఉంటే ఆ చోటు అట్లే ఉంచి సమయం చూసి వాడుకో. లేకుంటే తర్వాతి ఎత్తులోనే ఆ పక్క మూసెయ్.

ఆశీస్సులతో,
మీ తాత