రోటర్‌ను తిప్పేది ఇంజినా, గాలా?

ప్రశ్న: రేణిగుంటలో హెలికాప్టర్లు దిగడం చూశాను. గైరోకాప్టర్‌కూ పైన అలాంటి రెక్కలే ఉంటాయి కదా, మరి తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: హెలికాప్టర్‌లో పై రోటర్‌ను ఇంజినే తిప్పుతుంది. రెక్కలు గాలిని కిందికి నెట్టి పైకి లేపుతాయి. రోటర్‌ను ముందుకు వంచితే ముందుకు నడిపేదీ అదే. రోటర్ ఒకవైపు తిరుగుతుంటే హెలికాప్టర్ రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న రోటర్.

గైరోకాప్టర్‌లో గాల్లో ఉన్నప్పుడు ఇంజిన్ తిప్పేది ప్రొపెల్లర్‌ను మాత్రమే. ముందుకు నడిపేది అదే. పై రోటర్ కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఎదురొచ్చే గాలి కింది నుంచి పైకి దూసుకెళ్తూ దాన్ని తిప్పుతుంది, గంగమ్మ జాతరలో పిల్లలు పట్టుకుని పరిగెత్తే కాగితపు గాలిచక్రంలా. అందుకే అది గాల్లో ఒకేచోట నిలబడలేదు, లేవడానికీ కొంత పరుగు కావాలి.

వేగం తగ్గితే విమానం కూలుతుందన్న ఆందోళనతోనే స్పెయిన్ ఇంజినీరు హువాన్ దె లా సియెర్వా 1923లో దీన్ని ఎగరేశారు. ఇంజిన్ ఆగినా రోటర్ తిరుగుతూనే ఉంటుంది, మెల్లగా దిగవచ్చు. హెలికాప్టర్‌నూ అలా దించవచ్చు గానీ పైలట్ క్షణాల్లో రెక్కల కోణం తగ్గించాలి. ఇక తిరుపతి మే ఎండలో గాలి పలచబడితే రెండింటికీ కష్టమే, మోసే బరువు తగ్గించుకోవాలి.