లుకేమియా: కణంలోని కాపలాదారులు

లుకేమియా అంటే రక్త క్యాన్సర్. ఎముక మజ్జలో పుట్టే తెల్ల రక్తకణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. రోగి ఉన్న ఇంట్లో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "బలానికి యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఇవ్వొచ్చా?" జవాబు తెలియాలంటే కణం లోపలికి తొంగి చూడాలి.

కణం ఆక్సిజన్‌తో శక్తిని తయారు చేసుకుంటుంది. పొయ్యి మండితే పొగ వచ్చినట్టు, ఈ పనిలో సూపరాక్సైడ్ అనే పదార్థం కొంత పుడుతుంది. అది మితిమీరితే డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది. అందుకే కాపలాగా ఎంజైములున్నాయి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఆ పెరాక్సైడ్‌ను నీరుగా మారుస్తాయి. మొదటి ఎంజైము పనిని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు.

ఈ ఎంజైముల తయారీ విధానం జన్యువుల్లో రాసి ఉంటుంది. వంటవాడికి బిర్యానీ తెలిసి ఉండటం వేరు, ఈరోజు దావత్‌కు ఎన్ని దేగ్‌లు ఎక్కించాడన్నది వేరు. ఈ రెండోదే జన్యు వ్యక్తీకరణ. రక్తకణాల్లోని ఆర్.ఎన్.ఎ. ప్రతులను లెక్కించి దాన్ని కొలుస్తారు. కరోనా కాలంలో మనం విన్న ఆర్.టి.పి.సి.ఆర్. పద్ధతి ఇందుకూ పనికొస్తుంది.

లుకేమియా రోగుల్లో ఈ కొలతలు అందరిలో ఒకేలా ఉండవు. వ్యాధి రకాన్నిబట్టి, దశనుబట్టి మారుతాయి. ముఖ్యమైన విషయం ఏమిటంటే, కాపలాదారు మంచి కణానికే కాదు, చెడ్డ కణానికీ కాపలా కాస్తాడు. ఈ ఎంజైములు పెరిగిన క్యాన్సర్ కణం కొన్ని మందుల దెబ్బను తట్టుకోగలదు.

"బలం" ఇచ్చేది రోగానికీ బలమివ్వొచ్చని చరిత్ర చెబుతుంది. ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చిన లుకేమియా పిల్లల్లో వ్యాధి మరింత వేగంగా పెరగడం డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. అప్పుడు ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ వాడారు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో కొందరు పిల్లలకు తాత్కాలికంగా వ్యాధి తగ్గింది. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

కాబట్టి కీమోథెరపీ జరుగుతున్నప్పుడు డాక్టరును అడగకుండా ఏ మాత్రలూ కొనివ్వకండి. మామూలు ఇంటి భోజనం విషయమూ ఆయననే అడగండి.

మరి దాత చేయగలిగిందేమిటి? రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున్న క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి సేవలందిస్తోంది. పాతబస్తీకి అది దూరం కాదు. కానీ పిల్లల్లో ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. రోజు కూలీ తండ్రికి ఆటో ఖర్చు, పోయిన కూలీ రెండూ భారమే. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే వ్యాధి తిరిగొస్తుంది. ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, అందుకే దాతలు ఏడాది పొడవునా కావాలి.

ఖరీదైన టానిక్కు సీసా కన్నా, చివరి డోసు వరకు ఒక బిడ్డకు దారిఖర్చు ఇవ్వడం మేలైన సదఖా.