పులుపు తగిలిన సబ్బు నిలువదు

పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతములలో జీడి చిగురించి పూతకు వచ్చు కాలమున టీ దోమ బెడద కలుగును. దీనికి కొందరు రైతులు వేపనూనె చల్లుదురు. నూనె నీటిలో కలియదు గనుక సబ్బు చేర్చుదురు. అదే పీపాలో పుల్లమజ్జిగ కూడ పోసినచో మందు చెడును. కారణమేమి?

నూనెలోని కొవ్వు ఆమ్లము క్షారముతో కలియగా సబ్బు ఏర్పడును. సబ్బు అణువునకు ఒక కొన నీటిని, రెండవ కొన నూనెను పట్టును. అందుచే నూనె సన్నని బిందువులుగా చీలి, నీరు పాలవలె తెల్లబడును. మజ్జిగలోని ఆమ్లము తగులగానే నీటిని పట్టు కొన ఆ గుణమును కోల్పోవును. సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లమగును. నురుగు చచ్చి, తరకలు కట్టి, నూనె పైకి తేలును. తరకలు నాజిల్‌ను మూయును. స్ప్రేయరు అడుగు నుండి తోడును గనుక మొదటి చెట్లకు నూనె చాలదు. చివరి చెట్లకు ఎక్కువై లేత పూత మాడవచ్చును.

దీనిని ఇంటిలోనే చూడవచ్చును. రెండు గాజు గ్లాసులలో వాననీటితో సబ్బు నీరు కలిపి, ఒకదానిలో నిమ్మరసము పిండుడు. తేడా వెంటనే తెలియును. సున్నపు గుణముగల బావినీటిలోను సబ్బు విరుగును గాని, అది పులుపు వలన కాదు.

బట్టల సబ్బుపొడి పులుపుకు విరుగదు. అయితే పూర్వపు పొడులు నదులలో సూక్ష్మజీవులకు లొంగక నురుగుగా మిగిలినవి. అందుచే అమెరికాలో 1965లో సులభముగా కుళ్ళు రకమునకు మారిరి. రసాయన శాస్త్రజ్ఞులు మరియొక ఉపాయము కూడ కనుగొనిరి. రెండు కొనల నడుమ ఎసిటాల్ అను కీలును అమర్చుదురు. అది క్షారములో నిలుచును, ఆమ్లములో తెగును. విరిగిన మామూలు సబ్బు సోడాతో తిరిగి సబ్బగును. తెగిన కీలు మాత్రము అతుకదు. పని తీరిన పిదప నూనెను, నీటిని వేరుచేయుటకు ఈ గుణము అక్కరకు వచ్చును. మన పీపాలో మాత్రము చల్లుట ముగియక ముందే విరుగుట నష్టమే.

రైతులు చేయవలసినది:

1. సబ్బును కొద్ది గోరువెచ్చని నీటిలో కరిగించి, వేపనూనె పోసి తెల్లబడువరకు గిలకొట్టవలెను. పిదప మిగిలిన నీరు చేర్చవలెను. లీటరు నీటికి నూనె 5 మి.లీ. చాలును.

2. పుల్లమజ్జిగను వేరొక దినమున, కడిగిన పీపాతో చల్లవలెను.

3. కలిపిన మందును గ్లాసులో కొంతసేపు ఉంచి చూడవలెను. నూనె తేలినచో తోటలో చల్లరాదు.